తెగిన పోగు తెగినచోటే అతకాలి

కాలేజీలో చేరిన మొదటి రెండేళ్లలో విద్యార్థి ఏం నేర్చుకుంటాడు? సిలబసులో ఉన్నదేదో నేర్చుకుంటాడని పెద్దలంటారు. నిజమే. కానీ సిలబసులో లేని పాఠం ఒకటుంది. అది రాకపోతే తక్కిన పాఠాలేవీ ఒంటబట్టవు. “నాకు ఇది అర్థం కాలేదు” అని నోరు తెరిచి చెప్పగలగడమే ఆ పాఠం. వినడానికి చిన్న సంగతే. నాకు మాత్రం అది రావడానికి ఒక ఏడాది, రెండు సబ్జెక్టులు పోయాయి.

పెనుకొండలో తెలుగు మీడియంలో ఇంటర్ పూర్తిచేసి, 1979లో హిందూపురంలో బి.ఎస్సీ.లో చేరాను. అప్పటికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇంకా ఏర్పడలేదు. అది 1981లో వచ్చింది. మా పరీక్షలు, ఫలితాలు అన్నీ తిరుపతి నుంచే. పొద్దున్నే సంగటిముద్ద తిని, శెనక్కాయల ఊరుబిండి డబ్బాలో పెట్టుకొని ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. డిగ్రీ క్లాసులో పాఠమంతా ఇంగ్లీషులో. సారు “మొమెంటమ్, మొమెంటమ్” అంటూ బోర్డు నింపేస్తుంటే, అదేదో కొత్త వింత అనుకొని దించుకునేవాణ్ణి. ఇంటర్లో నేను బాగా చదువుకున్న ద్రవ్యవేగమే అదని తెలిసేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. ఈలోగా దాని మీద కట్టిన పాఠాలన్నీ గాలిలో నిలబడ్డాయి.

ఎందుకడగలేదు? ఇప్పుడు ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, నలుగురూ నవ్వుతారన్న భయం. రెండోది, క్లాసులో నాకొక్కడికి తప్ప అందరికీ అర్థమవుతోందన్న భ్రమ. తల ఊపేవాళ్లలో సగంమంది నాలాంటివాళ్లేనని తర్వాత తెలిసింది. మూడోది, బడి అలవాటు. బడిలో అయ్యవారు అడుగుతాడు, పిల్లలు చెబుతారు. కాలేజీలో అది తలకిందులవుతుంది, అడగవలసింది మనమే. ఈ మార్పు జరిగిందని ఎవరూ మనకు చెప్పరు.

ఏడాది చివర ఫిజిక్సు, లెక్కలు రెండూ పోయాయి. ఆ ఏడు వానలు సరిగా రాలేదు. ఉన్న కాసిని శెనక్కాయలు అమ్మి నాయన నాకు ఫీజు కట్టాడు. మార్కుల కాగితం పుస్తకాల నడుమ దాచిపెట్టి, ఇంటి మొహం చూడలేక ధర్మవరంలో ఒక మిత్రుడి ఇంటికి పోయాను. అతడు హిందూపురంలో మేనమామ ఇంట్లో ఉండి మాతో చదువుకునేవాడు. వాళ్లది మగ్గం బతుకు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. సెలవులొస్తే మావాడు కండెలు చుడుతూ తండ్రికి ఆసరాగా ఉండేవాడు.

నేను కూర్చొని చూస్తున్నాను. పట్టుచీర పడుగులో వేల పోగులుంటాయి. నేస్తూ నేస్తూ ఆయన ఉన్నట్టుండి మగ్గం ఆపేశాడు. నా కంటికి ఏమీ కనిపించలేదు. ఒక్క పోగు తెగిందట. రెండు కొసలూ వెదికి పట్టుకొని, ముడివేసి మళ్లీ మొదలుపెట్టాడు.

“ఒక్క పోగే కదా మామా, తర్వాత వేసుకోకూడదా?” అన్నాను.

“తర్వాతంటే యాడేసేది అబ్బయ్యా? నేసుకుంటా పోతే గుడ్డలో గీత పడుతుంది. చీర దిగినాక ఆ గీత పోదు” అన్నాడాయన.

నాకు గుండెల్లో కలుక్కుమంది. నా పోగు చేరిన కొత్తలోనే తెగింది. నేను ఏడాదంతా నేసుకుంటూ పోయాను.

మర్నాడు ఇంటికి వచ్చేటప్పుడు మిత్రుడు కూడా నా వెంట పెనుకొండలో దిగాడు. ఇద్దరం కొండెక్కాం. 1565 యుద్ధంలో ఓడి విజయనగరం పాడైన తర్వాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడని చిన్నప్పటి నుంచి వింటున్నదే. అరవీటివారు ఆ తర్వాత కూడా సుమారు ఎనభై ఏళ్లు రాజ్యం నిలుపుకొన్నారు. పూర్వవైభవం రాలేదు, నిజమే. కానీ ఓటమితో కథ అయిపోలేదు. “రెండు సబ్జెక్టులకే రాజ్యం పోయినట్టు కూర్చున్నావు!” అన్నాడు మావాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రాత్రి కాగితం తెచ్చి నాయన ముందు పెట్టాను. ఆయనకు చదవడం రాదు. నేనే చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, “వానలు రాలేదని సేద్యం మానుకున్నామా? ఫెయిలైతే అయినావు గానీ, ఎందుకైనావో తెలుసుకున్యావా?” అన్నాడు. అదే నేను జవాబు చెప్పిన మొదటి అసలు ప్రశ్న.

మళ్లీ ఫీజు కట్టి రెండూ రాసి గట్టెక్కాను. ఆ రెండో ఏడు నేర్చుకున్న పద్ధతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. “ఏమీ అర్థం కాలేదు సార్” అంటే ఏ సారూ ఏమీ చేయలేడు. ఎంతవరకు అర్థమైంది, ఏ మాట దగ్గర ఆగిపోయింది అన్నది ముందు కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. రెండు కొసలూ దొరికితేనే కదా ముడిపడేది! అడిగేది ఆనాడే అడగాలి. ముందు పక్కవాణ్ణి, తర్వాత సారును. తెలిసిందనుకున్నది ఇంకొకరికి తెలుగులో చెప్పి చూడాలి. చెప్పలేకపోతే మనకు తెలియనట్టే.

మా బ్యాచిలోనే ఇంకొక కుర్రవాడు ఉండేవాడు. వెనకబెంచీలో కూర్చునేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మొదటి ఏడాది నడుమనే రావడం మానేశాడు. ఏళ్ల తర్వాత ఒక సంతలో కనిపించి, “నాకు ఆ ఇంగ్లీషు పాఠాలు ఒక్క ముక్క ఎక్కలేదన్నా. సిగ్గుపడి ఎవరితోనూ చెప్పలేదు” అన్నాడు. నాకూ అంతేనని ఆనాడు ఒక్కమాట అని ఉంటే ఏమయ్యేదో! అతడు అడగలేదు సరే, మేమూ అడగలేదు. ఆ తప్పులో నాకూ భాగముంది.

2022లో మన మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. 2021-22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంటే ఆనాడు నేను దాటిన వంకనే ఈనాటి పల్లెపిల్లలూ దాటవలసి ఉంది. చేతిలో ఫోను ఉంది, అడిగితే జవాబు చెబుతుంది. అయితే పోగు ఎక్కడ తెగిందో అది చెప్పదు. అది చూసుకోవలసింది మనమే.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. పాఠమయ్యాక “అర్థమైందా?” అని కాక, “ఎక్కడ అర్థం కాలేదు?” అని అడగండి. సీనియర్లు వెనకబెంచీ వైపు ఒకసారి చూడండి. కొత్తగా చేరిన తమ్ముడూ, చెల్లీ, రేపటి క్లాసులో చెయ్యెత్తు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.