మరచిన తాళంచెవి

ధనాన్ని దాచడం కంటె దాని తాళంచెవిని భద్రపరచడం కష్టం. 2009లో ఆరంభమైన బిట్‌కాయిన్ అనే డిజిటల్ ద్రవ్యం ఈ సత్యాన్ని మరల నిరూపించింది.

ఈ ద్రవ్యానికి సాధనమైన వాలెట్‌లో నిజానికి నాణేలుండవు. రహస్య సంకేతం మాత్రమే ఉంటుంది. ఏ చిరునామాలో ఎంత ధనమున్నదో తెలిపే పద్దు వేలాది కంప్యూటర్లలో బహిరంగంగా ఉంటుంది. కనుక పాత వాలెట్‌లో ధనం మిగిలినదో లేదో తెలుసుకోవడానికి చిరునామా చాలు. ఆ ధనాన్ని వినియోగించడానికి మాత్రం సంకేతం తప్పనిసరి. అది పోతే మరొకటి ఇచ్చే అధికారి ఎవరూ లేరు.

వేల్స్‌లోని న్యూపోర్ట్ వాసి ఒకరి హార్డ్ డిస్కు 2013లో పొరపాటున చెత్తకుప్పకు చేరింది. అందులో సుమారు 8,000 బిట్‌కాయిన్ల సంకేతమున్నదని ఆయన వాదన. కుప్పను తవ్వించాలన్న ఆయన దావాను 2025 జనవరిలో న్యాయస్థానం కొట్టివేసింది.

అదే 2013లో రూపొందిన పద్ధతి ప్రకారం, 2,048 పదాల పట్టిక నుండి వచ్చే 12 లేదా 24 పదాలను వరుసగా రాసుకుంటే వాలెట్‌ను తిరిగి పొందవచ్చు. చివరి పదంలో తనిఖీ అంశం ఇమిడి ఉంటుంది. 12 పదాలలో ఒకటి చెరిగిపోయినదనుకుందాం. ఆ స్థానంలో 2,048 పదాలనూ ఉంచి చూస్తే తనిఖీకి నిలిచేవి సుమారు 128 మాత్రమే. వాటిలో సరియైనది ఏదో పాత చిరునామాతో పోల్చి తేల్చవచ్చు.

అయితే ఈ ప్రయత్నం మూలప్రతిపై గాక నకలుపైనే చేయాలి. సహాయం చేస్తామనే అపరిచితులకు ఆ పదాలు చెప్పరాదు. పదాలు తెలిసినవాడే ధనానికి యజమాని.