మిర్చి కొనకముందే కారానికి ఆర్డర్లు
చిన్న మరలవారికి సెల్‌ఫోనే పద్దు పుస్తకం

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు: మిర్చి యార్డులో ధరను ఆడించేది ఎగుమతి గిరాకీ, కోల్డ్ స్టోరేజీల నిల్వలు, కొత్త పంట రాబడులే గాని, వీధి చివర కారం మర నడుపుకునే చిన్న వ్యాపారి కాదు. అంతకు ముందు సీజన్లలో 20 వేలు దాటి పలికిన మేలు రకాలు కూడా 2025 ఆరంభంలో బాగా దిగిపోయాయి. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద 2.91 లక్షల టన్నుల వరకు క్వింటాలుకు 11,781 రూపాయల ధర ఖరారు చేయవలసి వచ్చింది. ఈ ఊపులకు చిన్న మరవారు తట్టుకోవాలంటే అమ్ముడయ్యేంత సరుకే కొనాలి. ఎంత అమ్ముడవుతుందో ముందే తెలియాలంటే ఖాతాదారులతో సంబంధం ఉండాలి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల వలన వారికి ఒనగూడే అసలు మేలు ఇదే. ప్రచారం తర్వాతి మాట.

ఒకప్పుడు ఈ సంబంధం కోసం వెతుక్కోనక్కర లేకపోయింది. ఆవకాయ రోజులకు ముందే ఏడాదికి సరిపడా మిర్చి ఎండబెట్టి, తొడిమలు తీసి, డబ్బాలతో మర దగ్గర వరస కట్టేవారు. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంపెనీల ప్యాకెట్లు కొంటున్నారు. ఊరి కారం రుచి వారు మరచిపోలేదు. మర యజమాని నంబరు వారి దగ్గర లేదు, అంతే.

ఉదాహరణకు 60 ఇళ్లవారు తలా 4 కిలోల చొప్పున ముందుగా ఆర్డరు ఇచ్చారనుకుందాం. కావలసిన కారం 240 కిలోలు. తొడిమ, తాలు, మర తరుగు కలుపుకుంటే సుమారు 40 కిలోల టిక్కీలు 7 సరిపోవచ్చు. పైన చెప్పిన 11,781 ధర లెక్కన పెట్టుబడి 33 వేల రూపాయలకు లోపే. ఆర్డర్లు లేక, అంచనా మీద 20 టిక్కీలు కొంటే 94 వేల పైచిలుకు ఇరుక్కుంటుంది. ఆ పైన వడ్డీ, అద్దె. మిగిలిన సరుకుకు రంగు తగ్గితే నష్టం వేరే. పెద్ద వ్యాపారి నిల్వ పెట్టి ధర కోసం కాచుకోగలడు. మరవారికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ సంస్థ 2018లో ప్రవేశపెట్టిన బిజినెస్ యాప్‌కు రుసుము లేదు. అందులో సరుకుల ఫొటోలు, ధరలు జాబితాగా పెట్టవచ్చు. ఒకే సందేశాన్ని 256 మంది వరకు విడివిడిగా చేరవేసే సదుపాయమూ ఉంది. కాని మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే అది చేరుతుంది. కనుక దుకాణానికి వచ్చినవారి చేత నంబరు ఎక్కించడం మొదటి పని. ముక్కూ ముఖం తెలియని పదివేల మంది అనుచరుల కంటే ఏటా కొనే రెండు వందల ఇళ్లు మేలు. డబ్బిచ్చి అనుచరులను కొనడం శుద్ధ దండగ.

ఇక చూపవలసినదేమిటి? కల్తీ భయమే చిన్న మరవారికి కలిసివచ్చే అంశం. మన దేశపు కారంలో సూడాన్ రంగు బయటపడిందని 2003లో యూరప్‌లో గగ్గోలు పుట్టిన తర్వాత ఎగుమతులకు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. పొడి చూసి కల్తీ పోల్చుకోవడం గృహిణికి కష్టం. కాయ మరలో పడుతుండగా తీసిన అర నిమిషం వీడియో ఆ అనుమానాన్ని చాలావరకు తీరుస్తుంది. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగ ఏ పాళ్లలో కలిపిందీ, ఆ రోజు యార్డులో కొన్న ధర ఎంతో కూడా చెప్పవచ్చు. కొన్న ధర బయటపెట్టడానికి చాలామంది జంకుతారు గాని, తరుగు, కూలి, కరెంటు ఖర్చులు పక్కనే వేసి చూపితే బేరాలు తగ్గుతాయి. ఒక్క జాగ్రత్త: ఫోనులో రంగు పెంచి చూపితే పార్సిలు విప్పిన రోజే తగాదా. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషను నంబరు లేకుండా ప్యాకెట్లు పంపడమూ క్షేమం కాదు.

రవాణా దగ్గరే లెక్క తప్పుతోంది. ఒక్క కిలోకు కొరియరు ఛార్జీ సరుకు లాభాన్ని మింగేస్తుంది. ఒక అపార్టుమెంటులోని నాలుగైదు ఇళ్ల ఆర్డర్లు కలిపి ఆర్టీసీ పార్సిలులో పంపితే గిట్టుబాటవుతుంది. యూపీఐ ద్వారా సగం సొమ్ము ముందు తీసుకుంటే ఉత్తుత్తి ఆర్డర్లు రాలిపోతాయి.

అయితే ఈ వేదికలు మన సొంతం కావు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగానే దాని మీదే ఆధారపడినవారి దుకాణం ఒక్కనాటితో మూతపడింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ దాదాపు ఆరు గంటలు స్తంభించాయి. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు కాగితం పుస్తకంలోనూ రాసి ఉంచుకోవాలి.

కొత్త సరుకు రాబడి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుంజుకుంటుంది. ఆవకాయ గిరాకీ ఏప్రిల్‌లో మొదలవుతుంది. బుకింగు సందేశం ఫిబ్రవరి ఆఖరుకు వెళ్లాలి, ఆర్డర్లు మార్చి మధ్యకు ముగియాలి. ఉగాది దాటాక పంపే సందేశానికి కంపెనీ ప్యాకెట్టే ముందుగా ఇంటికి చేరి ఉంటుంది.