బ్యాండికూట్ - పదవిచారము

ఆంగ్లమున ‘బ్యాండికూట్’ అను మాట కలదు. తెలుగు ‘పందికొక్కు’ దీనికి మూలమని నిఘంటుకారు లంగీకరించిరి. పందివలె గుర్రుమను పెద్ద యెలుక యగుటచే మనవా రా పేరిడిరని చెప్పుదురు. ఆంగ్లేయుల నోట తొలి పకారము బకారముగను, తుది ‘క్కు’ ‘ట్’గను మాఱినవి. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను జంతుశాస్త్రజ్ఞు డీ యెలుకల ప్రజాతికి ‘బాండికోటా’ యని పేరిడెను. తెనుగుమాట శాస్త్రపరిభాష కెక్కెను.

అయితే, ఆస్ట్రేలియాలో నెలకొనిన యాంగ్లేయులు అచ్చటి పొడవుమూతి జంతువులను ఈ పేరనే పిలిచిరి. అవి యెలుకలు కావు. పిల్లలను పొట్టసంచిలో నుంచుకొని పెంచుటయందు కంగారువును బోలినవి. కావున ఆంగ్లగ్రంథములను తెనిగించువారు వానిని పందికొక్కు లనుట ప్రమాదము. మాట మనదే; జంతువు మాత్రము మనది కాదు.