ముందు మానిటర్, ఆ తర్వాతే మదర్‌బోర్డు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే చాలు, హైదరాబాద్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకు అర్థమైపోతుంది. మొదటిసారి గేమింగ్ సిస్టమ్ కట్టుకుందామని అలాంటి బజారుకు వెళ్లే కుర్రవాళ్లు ఎక్కువగా అడిగేది "ఐ5 సరిపోతుందా అన్నా, ఐ7 తీసుకోవాలా?" అని. కౌంటర్ వెనక నుంచి వచ్చే ఎదురు ప్రశ్న "బడ్జెట్ ఎంత?" ఈ రెండు ప్రశ్నలతో మొదలైన బేరం చాలాసార్లు సరిగ్గా కుదరని సిస్టమ్‌తో ముగుస్తుంది. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఏ ఆటలు ఆడతారు? ఏ మానిటర్ మీద? సెకనుకు ఎన్ని ఫ్రేములు కావాలి? వీటికి జవాబు దొరికితే మిగతా భాగాల ఎంపిక సగం అయిపోయినట్టే.

ఆటలో కనిపించే కదలిక అంతా వెంటవెంటనే మారిపోయే బొమ్మల వరుస. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది కాబట్టి ఒక్కో ఫ్రేమ్ తయారీకి ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే ఆ గడువు 6.9 మిల్లీసెకన్లకు తగ్గిపోతుంది. ఇక పిక్సెళ్ల సంగతి. 1920×1080 తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440 తెర మీద 36.9 లక్షలు. 4కే అని పిలిచే 3840×2160 తెర మీద 82.9 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. ప్రతి ఫ్రేమ్‌లోనూ వీటన్నిటికీ రంగు లెక్కగట్టాలి. మానిటర్ ఎంచుకున్న క్షణంలోనే మిగతా పెట్టె ఎంత పని చేయాలో మీరు నిర్ణయించేసినట్టు. పైగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు నాలుగైదేళ్లకు మార్చినా మంచి మానిటర్ ఎనిమిదేళ్లు కూడా ఉంటుంది. అందుకే మిగిలిన డబ్బుతో మానిటర్ కొందామనుకోవడం తప్పు లెక్క. ఇంకో మాట. 144 హెర్ట్జ్ మానిటర్ తగిలించినా విండోస్ చాలాసార్లు దాన్ని 60 దగ్గరే నడుపుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే మార్చాలి.

ఆ కొద్ది మిల్లీసెకన్లలో పనిని ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పంచుకుంటాయి. శత్రువు ఎటు నడుస్తున్నాడు, తూటా తగిలిందా లేదా, కూలిన గోడ ముక్కలు ఎటు పడాలి, ఇవన్నీ ప్రాసెసర్ లెక్క తేల్చి, గీయవలసిన వస్తువుల జాబితాను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తుంది. ఆ వస్తువులను లక్షల త్రిభుజాలుగా పరిచి, ఏ త్రిభుజం ఏ పిక్సెల్ మీద పడుతుందో, అక్కడ వెలుగెంత, నీడెంత అని లెక్కించేది కార్డులోని జీపీయూ. ప్రాసెసర్‌లో ఆరో ఎనిమిదో కోర్లు ఉంటాయి. ఒకదాని ఫలితం మీద మరొకటి ఆధారపడే లెక్కల్లో అవి దిట్ట. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060లో అలాంటి తెలివి లేని చిన్న కోర్లు 3,072 ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని లక్షల పిక్సెళ్లకు ఒకే రకం లెక్క ఒకేసారి చేయడానికి అవే కావాలి.

రెజల్యూషన్, అంటే తెర మీది పిక్సెళ్ల సంఖ్య, పెంచితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. శత్రువు నడకను లెక్కించే పని 1080పీలో ఎంతో 4కేలోనూ దాదాపు అంతే కాబట్టి ప్రాసెసర్‌కు పెద్ద తేడా తెలియదు. సిస్టమ్‌లో ఏది వెనకబడుతోందో ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఇందులోనే ఉంది. ఆట సెట్టింగ్స్‌లో రెజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే అంతవరకూ ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ప్రాసెసర్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలను 1080పీలో సెకనుకు రెండు వందల ఫ్రేములతో ఆడాలనుకునేవారికి ప్రాసెసర్ ముఖ్యం. సైబర్‌పంక్ 2077ను రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) వేసి ఆడాలనుకునేవారి డబ్బు గ్రాఫిక్స్ కార్డులోకి పోవాలి. రెండూ కావాలంటే, నా లెక్కలో మానిటర్ కాకుండా పెట్టెకు పెట్టే ఖర్చులో మూడో వంతుకు పైగా గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించాలి.

ఇప్పుడు ఐ5, ఐ7 సంగతి. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 2017లో వచ్చిన ఐ7-7700కేలో నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ5-12400లో ఆరు కోర్లు, ఒక్కో కోరూ పాతదానికంటే వేగం. సెకండ్ హ్యాండ్‌లో "ఐ7 సిస్టమ్" అని చెప్పి అమ్మేవాటి దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చాలా ఆటల్లో కోర్ల సంఖ్య కంటే ఎక్కువ తేడా చూపేది కాష్ మెమరీ. ప్రాసెసర్ ర్యామ్ నుంచి ఒక డేటా ముక్క తెచ్చుకోవడానికి 80 నానోసెకన్లు పట్టిందనుకుందాం. 4.5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కోరు ఆ లోపు 360 టిక్కులు ఊరికే గడుపుతుంది. అదే డేటా చిప్‌లోపలి కాష్‌లో దొరికితే ఆ నిరీక్షణ చాలా వరకు తప్పుతుంది. ఏఎండీ 2022లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీనికి మంచి రుజువు. అంతకుముందున్న 5800ఎక్స్‌లో ఎల్3 కాష్ 32 ఎంబీ. కొత్తదానిలో మరో కాష్ పొరను చిప్ మీద పేర్చి 96 ఎంబీ చేశారు. కోర్లు అవే ఎనిమిది, గడియారం వేగం కాస్త తగ్గింది కూడా, అయినా చాలా ఆటల్లో కొత్తదే ముందు నిలిచింది. తొలి సిస్టమ్‌కు అంత ఖరీదైనది అక్కర్లేదు. ఈ తరం ఆరు కోర్ల ప్రాసెసర్ ఏదైనా చాలు.

కొనేముందు పేరు చివరి అక్షరం చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకుండా తెర వెలగదు. కార్డుకు ఇప్పుడు డబ్బు చాలని విద్యార్థులు రైజెన్ 5 8600జీ లాంటి, గ్రాఫిక్స్ గట్టిగా ఉన్న చిప్‌తో మొదలుపెట్టి, ఏడాది తర్వాత కార్డు కలుపుకోవచ్చు. అప్పులు చేసి అన్నీ ఒకేసారి కొనడం కంటే ఇది ఎంతో మేలు.

గ్రాఫిక్స్ కార్డు పెట్టె మీద అందరూ చూసే అంకె మెమరీ. దాని అర్థం తెలిస్తే మోసపోము. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 2023లో రెండు రకాలుగా వచ్చింది. చిప్ ఒకటే, మెమరీ మాత్రం ఒకదానిలో 8 జీబీ, రెండోదానిలో 16. ఆట వాడే టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) 8 జీబీలో ఇమిడినంతసేపు రెండింటి వేగంలో తేడా కనిపించదు. ఇమడకపోతే, మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లో కూర్చుంటాయి. కార్డు తన సొంత మెమరీని సెకనుకు 288 జీబీ వేగంతో చదవగలదు. ర్యామ్‌లో ఉన్నవాటిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో తెచ్చుకోవాలంటే, నాలుగో తరం ఎనిమిది లేన్ల మీద సెకనుకు సుమారు 16 జీబీయే వస్తుంది. పద్దెనిమిదో వంతు. మూడో తరం పాత బోర్డులో అందులోనూ సగం. ఆట హఠాత్తుగా ఆగి ఆగి నడవడానికి చాలాసార్లు కారణం ఇదే. 1080పీకి 8 జీబీ ఇప్పటికి నెట్టుకొస్తుంది. 1440పీ ఆలోచన ఉంటే 12 గానీ 16 గానీ తీసుకోండి. అయితే నీరసమైన చిప్‌కు 12 జీబీ తగిలించినంత మాత్రాన అది బలమైన కార్డు అయిపోదు.

వేర్వేరు కంపెనీల భాగాలు ఒకే పెట్టెలో ఇమిడిపోవడానికి వెనక చరిత్ర ఉంది. 1981లో ఐబీఎం తన పీసీని ఇతరులు కూడా కార్డులు తయారు చేసి గుచ్చుకునేలా తెరిచి పెట్టింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చాక బోర్డు కొలతలు, స్క్రూ రంధ్రాలు, కరెంటు కనెక్టర్లు అందరికీ ఒకటయ్యాయి. ఒకటి కానిది ప్రాసెసర్ కూర్చునే సాకెట్. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. పాత ఏఎం4కు డీడీఆర్4. ఇంటెల్ 1700 సాకెట్ బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి, బోర్డు పేరు చివర చూసి కొనాలి. రెండు ర్యామ్‌లకూ గాటు వేర్వేరు చోట ఉంటుంది కాబట్టి ఒకదానిలో మరొకటి దిగదు, బలవంతం చేయొద్దు. మదర్‌బోర్డు మీద ఎక్కువ డబ్బు పోయవద్దని నా సలహా. బీ650 లాంటి మధ్యస్థాయి బోర్డు ఆరు కోర్ల చిప్‌ను హాయిగా మోస్తుంది. మీ ప్రాసెసర్‌ను ఆ బోర్డు ఏ బయోస్ (బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి గుర్తిస్తుందో కంపెనీ జాబితాలో చూసుకోండి, అంతే.

ర్యామ్ ఎప్పుడూ జంటగా కొనండి. 16 జీబీ స్టిక్ ఒకటి కంటే 8 జీబీవి రెండు మేలు, ఎందుకంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారులూ (ఛానెళ్లు) పనిచేస్తాయి. డీడీఆర్4-3200లో ఒక ఛానెల్ సెకనుకు 25.6 జీబీ ఇస్తే రెండు కలిసి 51.2 ఇస్తాయి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు వాడాలి. డీడీఆర్5-6000 అని కొన్నది పెట్టగానే ఆ వేగంతో నడవదు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొంటుండడంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్ముకుని బజారుకు వెళ్లకండి. ఎస్‌ఎస్‌డీ గురించి ఒక్క మాట చాలు: 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి, సెకనుకు 7,000 ఎంబీ వేగం కోసం అదనంగా చెల్లించకండి. ఆట లోడ్ అయ్యే సమయంలో తేడా చాలా స్వల్పం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర జరిగే పొదుపు. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే పెట్టె మీద 450 వాట్స్ అని ఉంటుంది. దాని పక్కనున్న చీటీ చదవండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కరెంటు వచ్చేది 12 వోల్టుల తీగ మీదే. ఆ వరుసలో 18 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగింది 12×18, అంటే 216 వాట్స్. మిగతా అంకె పెద్దగా పనికిరాని తీగల లెక్క. ఆర్‌టీఎక్స్ 4060కు 115 వాట్స్, రైజెన్ 5 7600కు గరిష్ఠంగా 88, బోర్డు, ఫ్యాన్లు, డిస్క్ కలిపి ఓ యాభై వేసుకుంటే 250 అవుతుంది. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తమ లెక్కను మించి లాగుతాయి కూడా. ఆ కుదుపు తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ ఆట మధ్యలో సిస్టమ్‌ను ఆర్పేస్తుంది, మరీ నాసిరకమైతే పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది. 80 ప్లస్ ముద్ర ఉన్న, పేరున్న 550 వాట్స్ యూనిట్ ఈ లెక్కకు ధారాళంగా సరిపోతుంది. కరెంటు కోతలకని కొనే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్సే ఇస్తుంది. పెద్ద కార్డుతో ఆట నడుస్తుండగా కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది. ఇంట్లో ప్లగ్ పాయింటుకు ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

లోపలికి వెళ్లిన వాట్లన్నీ చివరికి వేడిగానే బయటికి రావాలి. హీట్‌సింక్ గది గాలి కంటే చల్లగా దేన్నీ చేయలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 70 చూపించే ప్రాసెసర్, మే నెలలో విజయవాడ ఇంట్లో 40 డిగ్రీల గదిలో అదే పనికి 85 చూపిస్తుంది. రైజెన్ 7000 వరుస చిప్‌లు చాలావరకు 95 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కాబట్టి మన ఊళ్లలో ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్ కావాలి. అద్దం తలుపు, రంగు దీపాలు చూసి ముచ్చటపడి గాలి దారి మూసేసుకోవద్దు. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి. దుమ్ము జాలీని నెలకోసారి దులపండి.

బిగించే పనిలో భయపడవలసింది ఒక్క సాకెట్ దగ్గరే. ఏఎం5లో వెంట్రుకల్లాంటి 1,718 పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. మూలనున్న త్రిభుజం గుర్తు కలిపి, చిప్‌ను నొక్కకుండా అలా వదిలేయాలి, దాని బరువుకే అది కూర్చుంటుంది. వేలు తగిలి ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. చిప్ మూత, కూలర్ అడుగు రెండూ కంటికి నున్నగానే ఉంటాయి గానీ, దగ్గరగా చూస్తే గుంటలూ గట్లూ ఉంటాయి. ఆ గుంటల్లో గాలి ఉండిపోతే వేడి దాటదు, రాగితో పోలిస్తే గాలి వేల రెట్లు నీరసమైన వాహకం. గోడ గుంటలు పూడ్చే లప్పంలాగా థర్మల్ పేస్ట్ ఆ ఖాళీలను నింపుతుంది. శనగ గింజంత చాలు. మందంగా పూస్తే అదే అడ్డమవుతుంది, ఎందుకంటే పేస్ట్ కూడా రాగి అంత బాగా వేడిని మోయలేదు. అంతా అయ్యాక మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించండి. డీడీఆర్5 సిస్టమ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు. కంగారుపడి స్విచ్ ఆపకండి.

సెకండ్ హ్యాండ్ కార్డు తప్పనిసరైతే మీ కళ్లెదుట అరగంట ఆట నడిపించి, వేడి, ఫ్యాన్ల చప్పుడు గమనించాకే డబ్బివ్వండి. కొత్తవి కొంటే జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించుకోండి, అట్టపెట్టెలు దాచండి, బిల్లును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అసెంబుల్డ్ సిస్టమ్‌కు మొత్తంగా ఒక వారంటీ ఉండదు, భాగం భాగానికీ వేర్వేరు కంపెనీ, వేర్వేరు గడువు. ఏదైనా పోయిన రోజున సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా మొదట అడిగేది ఆ బిల్లే.