హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదా? నట్ టైట్ చేసే ముందు ఇవి చెక్ చేయండి

నేను ఇక్కడ ఎక్కువగా ఫోన్ల గురించే రాస్తుంటాను. ఈసారి మాత్రం ఫోన్ తో పాటు ఒక పానా కూడా కావాలి. మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్ ర్యాంప్ మీదే కార్లు ఆపుతాం, పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. అలాంటి చోట హ్యాండ్ బ్రేక్ సరిగా పట్టకపోతే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వెనక డ్రమ్ బ్రేకులు ఉండి, ముందు చక్రాలకి పవర్ వెళ్ళే మామూలు హ్యాచ్‌బ్యాక్ కార్ల గురించే ఈ ఆర్టికల్.

ఇది ఎలా పని చేస్తుంది?

లీవర్ లాగగానే దాని కింద ఉన్న కేబుల్ బిగుసుకుంటుంది. ఆ కేబుల్ వెనక రెండు చక్రాల్లోని బ్రేక్ షూలని డ్రమ్ కి అదుముతుంది. కాలి బ్రేక్ నొక్కినప్పుడు కూడా కదిలేవి ఆ షూలే, కాకపోతే అప్పుడు ఆయిల్ ప్రెజర్ తో కదులుతాయి. షూలు అరిగేకొద్దీ డ్రమ్ కి, వాటికి మధ్య గ్యాప్ పెరుగుతుంది. ఆ గ్యాప్ ని తగ్గించడానికి లోపల ఒక ఆటో అడ్జస్టర్ ఉంటుంది.

అంటే లీవర్ ఎక్కువ పైకి వస్తోందంటే కేబుల్ లూజ్ అయి ఉండొచ్చు, లేదా షూల గ్యాప్ పెరిగి ఉండొచ్చు. చాలామంది కారణం చూడకుండానే నట్ బిగించేస్తారు. కోడ్ లో ఎర్రర్ మెసేజ్ ని దాచేసి బగ్ ఫిక్స్ అయిపోయింది అనుకోవడం లాంటిదే ఇది. కేబుల్ అతిగా బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు, ఆటో అడ్జస్టర్ కూడా సరిగా పని చేయదు. అందుకే నట్ అనేది చివరి స్టెప్.

లక్షణాన్ని బట్టి కారణం

లీవర్ బాగా పైకి వస్తోంది, కాలి బ్రేక్ కూడా లోపలికి దిగుతోంది: షూలు అరిగాయి, లేదా అడ్జస్టర్ పట్టేసింది.

లీవర్ ఒక్కటే పైకి వస్తోంది, పెడల్ బాగానే ఉంది: కేబుల్ సాగి ఉండొచ్చు.

లీవర్ టైట్ గానే ఉంది కానీ కారు ఆగట్లేదు: షూల మీద బ్రేక్ ఆయిల్ లీక్ అయి ఉండొచ్చు, లేదా కేబుల్ మధ్యలో జామ్ అయి ఉండొచ్చు. ఇది ఇంట్లో చేసే పని కాదు.

లీవర్ దించినా డ్యాష్‌బోర్డ్ లో ఎర్ర లైట్ ఆరట్లేదు: ముందు బ్రేక్ ఆయిల్ లెవెల్ చూడండి. చాలా కార్లలో రెండింటికీ అదే లైట్. లెవెల్ మినిమమ్ గీత కంటే కింద ఉంటే కారు తీయకుండా మెకానిక్ ని పిలవండి.

ఇప్పుడు అడ్జస్ట్ చేద్దాం

1. కారుని గాలి ఆడే చోట చదునైన నేల మీద ఆపి, ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి. ఇటుకలు వద్దు, పగిలిపోతాయి.

2. లీవర్ ని నెమ్మదిగా లాగి క్లిక్ లు లెక్కపెట్టండి. ఎన్ని ఉండాలో ఓనర్స్ మాన్యువల్ లో ఉంటుంది.

3. ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్ లో ఉంచి, లీవర్ దించండి. కాలి బ్రేక్ ని 15-20 సార్లు గట్టిగా నొక్కి వదలండి. చాలా కార్లలో ఆటో అడ్జస్టర్ దీంతోనే ముందుకి జరుగుతుంది. మళ్ళీ క్లిక్ లు లెక్కపెట్టండి. మా నాన్నగారి కారులో 11 ఉన్నవి ఈ ఒక్క స్టెప్ తోనే 8 కి వచ్చాయి. అసలు గ్యాప్ ఎక్కడుందో అక్కడే తెలిసిపోయింది.

4. ఇంకా ఎక్కువ ఉంటే ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్ వేసి, లీవర్ దగ్గరి కవర్ తీయండి. లోపల కేబుల్ చివర నట్ కనిపిస్తుంది. దాన్ని ఒక్కోసారి అర చుట్టు మాత్రమే బిగించండి. ప్రతిసారీ లీవర్ ని మూడు నాలుగు సార్లు లాగి వదిలి, క్లిక్ లు చూసుకోండి. మీ కారులో ఈ నట్ కారు కింద ఉంటే ఆ పని మెకానిక్ కి వదిలేయండి. జాకీ మీద ఉన్న కారు కిందకి ఎప్పుడూ వెళ్ళకూడదు.

5. లీవర్ పూర్తిగా దించండి. ఫస్ట్ గేర్ అలాగే ఉంచి, లోపల ఎవరూ లేకుండా, వెనక ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. ఫ్రీగా తిరగాలి. బరువుగా తిరిగితే నట్ ని అర చుట్టు లూజ్ చేయండి. లూజ్ చేసినా అలాగే ఉంటే కేబుల్ వెనక్కి రావట్లేదని అర్థం.

ఫోన్ తో టెస్ట్

కార్ల బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటి ఉంది, పేరు ఆర్13-హెచ్. దాని ప్రకారం పార్కింగ్ బ్రేక్ ఒక్కటే పూర్తి లోడ్ తో ఉన్న కారుని 20 శాతం వాలు మీద నిలపాలి. అంటే 5 మీటర్లకి 1 మీటర్ ఎత్తు, కోణంలో సుమారు 11.3 డిగ్రీలు. ఐఫోన్ లో మెజర్ యాప్ లోపల లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్ లో ఏదైనా బబుల్ లెవెల్ యాప్ చాలు. ఫోన్ ని ర్యాంప్ మీద పెట్టి మీ ర్యాంప్ ఎంత వాలో చూడండి.

కింద ఎవరూ లేనప్పుడు కారుని ర్యాంప్ మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, కాలి బ్రేక్ ని మెల్లగా వదలండి. కాలు మాత్రం పెడల్ మీదే ఉండాలి. 11 డిగ్రీల లోపు వాలు మీద ఖాళీ కారు జారితే ఆ బ్రేక్ ని నమ్మకండి.

తర్వాత ఐదారు కిలోమీటర్లు తిప్పి రెండు వెనక చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, వేడి తెలిస్తే చాలు. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోంది.

ఎక్కడ ఆగాలి?

డ్రమ్ విప్పడం, షూలు మార్చడం మెకానిక్ పని. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి శుభ్రం చేయకండి. లీవర్ బదులు బటన్ ఉన్న ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే ఈ పద్ధతి అస్సలు వర్తించదు. ప్యాడ్లు మార్చాలన్నా దాన్ని ముందు సర్వీస్ మోడ్ లో పెట్టాలి, లేకపోతే మోటార్ పాడవుతుంది.

ఒక నెల తర్వాత మళ్ళీ క్లిక్ లు లెక్కపెట్టండి. మళ్ళీ పెరిగి ఉంటే నట్ జోలికి వెళ్ళకుండా నేరుగా షూలు చూపించండి. బ్రేక్ ఎంత బాగున్నా వాలు మీద ఆపినప్పుడు ముందు హ్యాండ్ బ్రేక్ లాగి, ఆ తర్వాత గేర్ లో పెట్టండి, ఆటోమేటిక్ అయితే పీ లో. స్టీరింగ్ ని గోడ వైపు తిప్పి దిగండి.