లక్ష పెట్టే ముందు మీ హాలు చూసుకోండి

ఎడిఫయర్ ఆర్1280టీ, కెఫ్ ఎల్ఎస్ఎక్స్ 2 స్పీకర్ జతలను పక్కపక్కన పెడితే సైజులో పెద్ద తేడా కనిపించదు. రెండూ సుమారు జానెడు ఎత్తు పెట్టెలే. ఒకదాంట్లో నాలుగంగుళాల ఊఫర్, ఇంకోదాంట్లో నాలుగున్నర. ధరకొస్తే మొదటిది పది వేలకు అటూ ఇటూ, రెండోది లక్ష పైమాటే. హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొనుక్కుని, టీవీ పక్కన మంచి స్పీకర్లు పెట్టుకుందామనుకునే కుటుంబం సరిగ్గా ఈ రెండు ధరల మధ్యే తటపటాయిస్తుంది. ఆ తొంభై వేలు దేనికి పోతున్నాయో తెలిస్తే ఎటు మొగ్గాలో మీకే తెలుస్తుంది.

రెండింట్లోనూ యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. ఎడిఫయర్‌లో సర్క్యూటంతా ఒక పెట్టెలో ఉంటుంది, అక్కణ్ణుంచి రెండో పెట్టెకు వైరు వెళ్తుంది. ఒక్కో వైపు 21 వాట్లు; ఊఫర్, ట్వీటర్ రెండూ వాటినే పంచుకోవాలి. కెఫ్‌లో ఒక్కో పెట్టెకు రెండేసి యాంప్లిఫయర్లు: ఊఫర్‌కు 70 వాట్లు, ట్వీటర్‌కు 30. మృదంగం దెబ్బ ఎటు పోవాలో, తాళం మోత ఎటు పోవాలో డిజిటల్ చిప్ ముందే విడదీస్తుంది. పైగా ట్వీటర్‌ను ఊఫర్ నడిమధ్యలో అమర్చారు. అందుకే శబ్దమంతా ఒకే చోటి నుంచి వస్తుంది; సోఫా మధ్యలో కూర్చున్నా, చివర కూర్చున్నా గాయకుడి గొంతులో తేడా తక్కువ. ఇది నిజమైన మేలు. నలుగురూ కూర్చుని వినే ఇంట్లో డబ్బిచ్చి కొనదగినది.

వాట్ల సంగతి అలా కాదు. ఒకటి మొత్తం 42, ఇంకోటి 200 అంటే అయిదు రెట్లు గట్టిగా మోగుతుందనుకుంటాం. చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. మిగతావన్నీ సమానమనుకుంటే ఈ రెండు జతల మధ్య తేడా 7 డెసిబెల్స్ కూడా లేదు. ఇక పెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో అంకె వేసి ఉంటే దాన్ని పట్టించుకోవద్దు. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల వాట్లు, ఎంతో అడగండి, చాలు.

అసలు విషయం గదిలో ఉంది. కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం వైపు అపార్ట్‌మెంట్ హాలంటే కింద నున్నటి టైల్స్, ఒక పక్క పెద్ద కిటికీ, టీవీ గోడకు షోకేసు. స్పీకర్ కొనగానే ఆ షోకేసు గూట్లోకి తోసేస్తాం. అప్పుడు వెనక గోడా, పక్క చెక్కలూ కలిసి కింది స్థాయి శబ్దాన్ని ఉబ్బిస్తాయి. పాటలో మాటలు దాని కింద మునిగిపోతాయి. గది కొలతలు కూడా తమ పని తాము చేస్తాయి. పన్నెండడుగుల దూరంలో ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర గదే మోగడం మొదలుపెడుతుంది. కెఫ్ దిగగలిగే కింది హద్దు సుమారు 50 హెర్ట్జ్. అంటే అంత డబ్బు పోసి తెచ్చుకున్న ఆ లోతు స్వరాలే మన పదీ పన్నెండడుగుల గదిలో ఎక్కువగా పాడవుతాయి.

స్పీకర్లను గోడకు కనీసం అడుగు ఎడంగా జరపండి. ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. రెంటి మధ్య దూరం, మీరు కూర్చునే దూరం ఇంచుమించు సమానంగా ఉండాలి. నేల మీద మందపాటి కార్పెట్, కిటికీకి బరువైన కర్టెన్ ఉంటే ఇంకా మేలు. ఇవన్నీ కుదిరిన చోట పది వేల జత, గూట్లో ఇరికించిన లక్ష జత కంటే బాగా పాడుతుందని గట్టిగా చెప్పగలను. గోడ వదిలే వీల్లేని ఇంట్లో కెఫ్‌కు ఒక అనుకూలత ఉంది: గోడకు ఎంత దగ్గరో ఫోన్ యాప్‌లో చెబితే బేస్‌ను తగ్గించుకుంటుంది. ఎడిఫయర్‌కు పక్కన బేస్ నాబ్ ఉంది, దాన్ని చేత్తో తగ్గించుకోవాలి.

మీరు వినేదేమిటో కూడా చూసుకోండి. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనోలో రికార్డయ్యాయి. వాటిలో ఘంటసాల గొంతుకు కావలసిందల్లా మధ్యస్థాయి శుభ్రంగా పలకడం. లోతైన బేస్ అక్కడ లేదు, ఎంత డబ్బు పెట్టినా రాదు. ఇప్పటి సినిమా పాటల్లో గుండెకు తగిలే దెబ్బ కావాలంటే నాలుగంగుళాల ఊఫర్ ఏ ధరలోనూ సరిపోదు, విడిగా సబ్‌ఊఫర్ తెచ్చుకోవాల్సిందే.

కొనే ముందు చెవితో విని తీరాలి. ఎల్బీ నగర్‌లో మెట్రో రెడ్ లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ గుజరాతీ గల్లీకి నడిచిపోవచ్చు. ఆడియో సామాను, రిపేర్లు రెండూ దొరికే చోటు అది. ఏ షాపులోనైనా ఒక జాగ్రత్త: కొంచెం గట్టిగా మోగేదే మంచిదని చెవి నమ్మేస్తుంది. రెండు జతల వాల్యూమూ సమానం చేయమనండి. మీ ఫోన్‌లో మీకు కంఠతా వచ్చిన పాటే పెట్టించి, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత శబ్దంలో వినండి. ఇంట్లో మనం వినేది అంతే కదా. ఆ కాస్త శబ్దంలోనూ మాట స్పష్టంగా వినిపిస్తే ఆ స్పీకర్ మంచిది.

నన్నడిగితే, చాలామందికి ఈ రెంటి మధ్యలోనే మంచి దారి ఉంది. యామహా హెచ్ఎస్5, జేబీఎల్ 305పీ లాంటి స్టూడియో మానిటర్లను ఒక్కొక్కటిగా అమ్ముతారు. రెండు కొన్నా లక్షలో సగం కూడా కావు. అయిదంగుళాల ఊఫర్‌కూ ట్వీటర్‌కూ వేర్వేరు యాంప్లిఫయర్లుంటాయి. బ్లూటూత్, రిమోట్ ఉండవు. ఆ ఇబ్బంది సర్దుకోగలిగితే డబ్బంతా శబ్దానికే పోతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో కోచింగ్‌కు చదువుకుంటూ చేతికందే దూరంలో టేబుల్ మీద పెట్టుకునే కుర్రాడికి ఎడిఫయర్ చాలు. అంత దగ్గరలో గది ప్రభావం కూడా తక్కువే. లక్ష జత విశాలమైన హాలు, గోడకు ఎడంగా స్టాండ్లు, రోజూ కూర్చుని వినే అలవాటు ఉన్నవాళ్లకు. వాళ్లు కూడా వారంటీ ఎన్నేళ్లో, సర్వీసు ఊళ్లోనే దొరుకుతుందో లేదో అడిగి కొనాలి. కెఫ్ లాంటి వైఫై స్పీకర్ లోపల ఉన్నది చిన్న కంప్యూటర్. ఊఫర్ నిక్షేపంగా ఉన్నా అది పాతబడవచ్చు.

ఏది కొన్నా ఎర్త్ సరిగ్గా ఉన్న ప్లగ్‌లోనే పెట్టండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే స్పీకర్‌లో గుయ్యిమని మోత వస్తుంది. దాన్ని స్పీకర్ లోపమనుకుని షాపుకు పరిగెత్తకుండా, ముందు ఇన్వర్టర్ ఆపి మామూలు కరెంటు మీద ఒకసారి విని చూడండి.