ముద్దాయి తరపు వకాల్తా

మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడింది. అప్పటి నుంచి చాలా దశాబ్దాలపాటు అక్కడి న్యాయవాద వృత్తిలో అంతస్తులు ఉండేవి. ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టరుది పైమెట్టు. ఇక్కడి పట్టాతో హైకోర్టులో వాదించే వకీలు ఆ తరవాతివాడు. కింది కోర్టులు దాటి రాలేని ప్లీడరు ఇంకా కింద. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరూ డబ్బూ సంపాదించిన టంగుటూరి ప్రకాశం 1904లో ఓడెక్కింది ఈ గోడ దాటడానికే. 1907లో బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ఈ అంతస్తులను తీసేసి అందరినీ అడ్వకేట్లను చేసింది. పేరు పోయినా బారిస్టరు చేసిన పని పోలేదు. నేరం మోపబడ్డవాడి పక్కన నిలబడటం, మోసం కేసుల్లో లెక్కలు తవ్వడం, వృత్తి నిపుణుల మీద వచ్చిన ఫిర్యాదులకు జవాబు చెప్పడం చెన్నై న్యాయవాదులు నేటికీ చేస్తున్నారు.

ప్రకాశం తీసుకున్న కేసుల్లో గట్టిది ఆష్ హత్యకు సంబంధించినది. తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషన్లో వాంచినాథన్ కాల్చి చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడు. మిగిలినవారి మీద రాజద్రోహపు కుట్ర కేసు నడిచింది. 14 మంది ముద్దాయిలను ముగ్గురు హైకోర్టు జడ్జీల ప్రత్యేక బెంచి విచారించింది. తెల్లదొర హత్యకు గురైన కేసులో ముద్దాయిల పక్షం వహిస్తే తన ప్రాక్టీసుకు ఏమవుతుందో ఏ మద్రాసు న్యాయవాదికైనా తెలుసు. ప్రకాశం ముద్దాయిల తరపు న్యాయవాదుల్లో ఒకరిగా నిలబడ్డారు. చివరికి 9 మందికి శిక్షపడింది, 5 మంది బయటపడ్డారు.

ఆ కేసు చాలావరకు అప్రూవర్ల మాట మీద ఆధారపడింది. అప్రూవర్ అంటే నేరంలో భాగం పంచుకుని, క్షమాపణ పొంది, తోటివారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పేవాడు. తన మెడ తప్పించుకోవడానికి పక్కవాడి మెడ చూపించే అవకాశం ఉంది కాబట్టి, ముఖ్యమైన విషయాల్లో అతని మాటకు వేరే ఆధారం తోడు కావాలని కోర్టులు అడుగుతాయి. ఆ తోడు ఎక్కడ లేదో చూపించడమే డిఫెన్సు లాయరు పని. మన చట్టంలో ముద్దాయి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోనక్కర్లేదు. నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. పోలీసు ముందు సాక్షి చెప్పింది ఒకటి, బోనులో చెప్పేది ఇంకొకటి అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేడాను రికార్డుకు ఎక్కించాలి. పంచనామాలో గంట తప్పితే పట్టుకోవాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే వెంటనే బెయిలు అడగాలి. ఎగ్మూరు, సైదాపేట, జార్జిటౌను మేజిస్ట్రేటు కోర్టుల్లో క్రిమినల్ లాయరు రోజులో ఎక్కువ భాగం గడిచేది ఈ పనుల్లోనే.

ఓపికగా చేసే ఈ పని విలువ తమిళ సినిమా అభిమానులకు బాగా తెలుసు. 1944 నవంబరులో వెప్పేరిలో పత్రికా సంపాదకుడు లక్ష్మీకాంతన్‌ను పొడిచి చంపిన కేసులో నటగాయకుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ దోషులని జ్యూరీలో ఎక్కువమంది అన్నారు. హైకోర్టులో అప్పీలు ఓడింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిలు కేసును మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. రెండోసారి బారిస్టరు వి.ఎల్. ఎతిరాజ్ వాదించగా, 1947లో ఇద్దరూ విడుదలయ్యారు. ఈలోగా రెండేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. భాగవతార్ సినిమా జీవితం మళ్లీ కోలుకోలేదు. అప్పీలు గెలిచినా పోయిన కాలం తిరిగి రాదు కాబట్టి మొదటి విచారణలోనే డిఫెన్సు బలంగా ఉండాలి.

నేరం ఎంత ఘోరమైనా ముద్దాయికి లాయరు ఉండాల్సిందే. అతను దోషి అని తనకు లోలోపల అనిపించినా, ఆ అభిప్రాయంతో పని లేకుండా వాదించాలని బార్ కౌన్సిల్ నియమం చెబుతుంది. క్లయింటు చెప్పిన రహస్యం బయటపెట్టకూడదు. అలాగని తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం పెట్టకూడదు. కోయంబత్తూరు న్యాయవాదుల సంఘం కొందరు పోలీసుల తరపున ఎవరూ వాదించకూడదని తీర్మానించినప్పుడు, అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది తప్పనిసరిగా చెప్పాల్సిన తీర్పు. అందరూ అసహ్యించుకునేవాడికి లాయరు దొరక్కపోతే, రేపు నిరపరాధికీ దొరకడు.

మోసం కేసుల్లో ఎవరు చేశారన్నది చాలాసార్లు ముందే తెలిసి ఉంటుంది. ఏ ఉద్దేశంతో చేశారన్నదే తగువు. 1906 అక్టోబరులో మద్రాసులో పేరుమోసిన అర్బత్‌నాట్ కంపెనీ కూలింది. పింఛనుదార్లు, చిన్న ఉద్యోగులు, జమీందార్లు దాచుకున్న డబ్బు పోయింది. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. దొరల బ్యాంకుల మీద సడలిన నమ్మకమే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టుకకు దారితీసింది. వ్యాపారం దెబ్బతిని అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. మొదటి నుంచీ ఎగ్గొట్టే తలంపుతో డబ్బు తీసుకుంటే మోసం. నమ్మి అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకుంటే నమ్మకద్రోహం. ఈ గీత ఎటు పడుతుందో బ్యాంకు స్టేట్‌మెంట్లు, లెడ్జర్లు, ఈమెయిళ్లు చెబుతాయి. అందుకే ఈ కేసుల్లో లాయరు పక్కన ఆడిటరు కూర్చుంటాడు. డిపాజిటర్లను ముంచే సంస్థల కోసం తమిళనాడు 1997లో ప్రత్యేక చట్టం తెచ్చింది. దాని కింద ఆస్తులు జప్తు చేసి డిపాజిటర్లకు పంచవచ్చు, నిందితులకు 10 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. ఇక్కడ డిఫెన్సు లాయరు తరచు చేసే వాదన, కంపెనీలో పేరుకు డైరెక్టరుగా ఉన్న భార్యనో తమ్ముణ్ణో అసలు నడిపినవాడితో ఒకే గాటన కట్టొద్దని.

మూడో రంగమైన వృత్తి నిపుణుల మీద ఫిర్యాదుల గురించి బయటివారికి తక్కువ తెలుసు. డాక్టరు మీద ఫిర్యాదు తమిళనాడు మెడికల్ కౌన్సిలుకు వెళుతుంది, చార్టర్డ్ అకౌంటెంటుది వాళ్ల ఇన్‌స్టిట్యూటుకు, న్యాయవాదిది రాష్ట్ర బార్ కౌన్సిలుకు. బార్ కౌన్సిల్లో ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘం విచారిస్తుంది. మందలించడం, కొంతకాలం సస్పెండ్ చేయడం, జాబితాలోంచి పేరు తీసేయడం దాని చేతిలోని శిక్షలు. అప్పీలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆపైన సుప్రీంకోర్టుకు. ఒకరి జీవనోపాధి తీసేసే విచారణ కాబట్టి రుజువు కూడా దాదాపు క్రిమినల్ కేసంత గట్టిగా ఉండాలని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది.

మద్రాసు నుంచే 1978లో సుప్రీంకోర్టుకు చేరిన ఒక కేసులో, వినికిడి లేని ఒక ముసలాయన, ఆయన భార్య ప్రామిసరీ నోట్ల మీద రావలసిన బాకీ కోసం లాయరును నమ్ముకున్నారు. దావాల విషయంలో ఆ లాయరు వారితో అబద్ధాలు చెబుతూ వచ్చాడు. రాష్ట్ర కౌన్సిలు ఆరేళ్లు సస్పెండ్ చేస్తే, జాతీయ కౌన్సిలు దాన్ని ఏడాదికి తగ్గించింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ లాయరు పేదలకు ఉచిత న్యాయ సహాయం చేసి తప్పు దిద్దుకునేలా శిక్షను మలిచారు. అదే బెంచిలోని జస్టిస్ ఎ.పి. సేన్ ఏకీభవించలేదు. సాధారణంగా నష్టపోయినవారి డబ్బు తిరిగి ఇప్పించడం క్రమశిక్షణ సంఘం పని కాదు, దానికి సివిలు దావా వేరే వేసుకోవాలి.

ఆడిటరు మీదో డాక్టరు మీదో మోసం ఆరోపణ వస్తే పోలీసు కేసు, కౌన్సిలు విచారణ రెండూ ఒకేసారి మొదలుకావచ్చు. కౌన్సిలుకు రాసిచ్చిన సంజాయిషీ రేపు ప్రాసిక్యూషన్ చేతికి చిక్కవచ్చు. అలాగని నోటీసుకు జవాబివ్వకపోతే ఏకపక్షంగా తేల్చేస్తారు. ఉద్యోగుల శాఖాపరమైన విచారణ గురించి 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో సుప్రీంకోర్టు, రెండూ సమాంతరంగా నడవవచ్చని చెప్పింది. నేరారోపణ తీవ్రమైనదై, చిక్కైన ప్రశ్నలతో, రెండింటికీ ఒకే సంగతులు ఆధారమైతే మాత్రం క్రిమినల్ కేసు తేలేదాకా శాఖాపరమైనదాన్ని ఆపడం మంచిదంది. అందుకే ఇలాంటి క్లయింటు వచ్చినప్పుడు అనుభవమున్న లాయరు జవాబు రాయకముందే ఎఫ్.ఐ.ఆర్.నూ నోటీసునూ పక్కపక్కన పెట్టి చదువుతాడు. ఏది ఎక్కడ చెప్పాలో, ఏది ఇప్పుడు చెప్పకూడదో తేల్చుకున్నాకే కలం తీస్తాడు.